రాతి మీది అక్షరం – తెర మీది బొమ్మ

కడప జిల్లా యర్రగుంట్ల మండలంలో కలమల్ల అనే గ్రామం ఉన్నది. ఆ ఊరి చెన్నకేశవ సిద్ధేశ్వర ఆలయ ప్రాంగణం తెలుగువారందరికీ దర్శనీయ స్థలం. రేనాటి చోళుడైన ఎరికల్ ముత్తురాజు ధనంజయుడు క్రీ.శ. 575 ప్రాంతంలో వేయించిన శాసనం వెలుగు చూసినది అక్కడే. అంతకు పూర్వం ఈ నేల మీద రాజుల మాట ప్రాకృతంలోనో, సంస్కృతంలోనో రాతికి ఎక్కేది. పూర్తిగా తెలుగులో ఉన్న శాసనాలలో లభించినంతవరకు ఇదే మొదటిదని పండితులు భావిస్తున్నారు. కాలం దెబ్బకు కొన్ని పంక్తులు చెరిగిపోయినా, చివరి పంక్తులలో మహాపాతక ప్రస్తావన మాత్రం మిగిలి ఉన్నది. ధర్మాన్ని చెరచినవాడు పంచమహాపాతకాలు చేసినవాడితో సమానమని హెచ్చరించడం మన శాసనాల సంప్రదాయం. ఇచ్చినదానిని అపహరించరాదు, వ్రాసినదానిని మార్చరాదు అన్నదే ఆ హెచ్చరికలోని సారం.

అదే ఊరి దాపున నేడు రాయలసీమ తాప విద్యుత్ కేంద్రం పొగగొట్టాలు ఆకాశాన్ని తాకుతున్నాయి. 1994లో ఆ కేంద్రంలో విద్యుదుత్పత్తి మొదలైంది. ఒకప్పుడు కిరసనాయిలు బుడ్డి వెలుగులో రాత్రులు గడిపిన ఇండ్లలో ఇప్పుడు గోడకు వ్రేలాడే స్మార్ట్ టెలివిజన్లు వెలుగుతున్నాయి. పదునాలుగు శతాబ్దాలు దాటినా తన మాట మార్చుకోని రాయి ఒకవైపు. నిన్న రాత్రి ఉన్నట్లు నేటి ఉదయం ఉండని తెర మరొకవైపు. ఈ రెండింటి నడుమ నిలబడి ఒక ప్రశ్న వేసుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం. సొమ్ము చెల్లించి మనం ఇంటికి తెచ్చుకున్న వస్తువును, మనలను అడగకుండా మార్చే హక్కు మరొకరికి ఉండవచ్చునా?

ఈ ప్రశ్న నాకు గ్రంథాలలో దొరికినది కాదు. మా పెద్దనాయన నోట విన్నది. ఆయన ఆ ప్రాంతపు రైతు. వయసు డెబ్బది దాటినది. కంటికి శస్త్రచికిత్స జరిగిన తరువాత పొలం పనులు తగ్గించుకొని, సాయంకాలాలు పాత చలనచిత్రాలు చూస్తూ గడుపుతున్నాడు. మూడేండ్ల క్రిందట సంక్రాంతికి ముందు, శనగలు అమ్మిన డబ్బుతో ప్రొద్దుటూరులో ఒక పెద్ద స్మార్ట్ టెలివిజన్ కొన్నాడు. అంగడిలో దాని తెర మీద సముద్రపు అలలు, పూలతోటలు, రంగురంగుల పక్షులు కన్నులు మిరుమిట్లు గొలిపాయి. ఇంటికి తెచ్చి పాత సినిమా పెట్టగానే వచ్చిన చిక్కు వేరు. నటుల ముఖాలు మైనపు బొమ్మల వలె నున్నగా కనిపించాయి. కదలికలు సినిమాలో వలె కాక, నాటకాన్ని ఎదురుగా నిలబడి వీడియో తీసినట్లు తోచాయి. ఇంటర్మీడియట్ చదువుతున్న మనుమడు ఒక గంటసేపు ఓపికగా కూర్చొని, లోపలి అమరికలు ఒక్కొక్కటిగా మార్చి, ముసలికంటికి హాయిగా ఉండే బొమ్మను కుదిర్చాడు. రెండేండ్లు ఏ చింతా లేకుండా గడిచాయి.

ఒకనాటి రాత్రి ఆ టెలివిజన్ తనంతట తానే కొత్త సాఫ్ట్‌వేర్‌ను దించుకొని అమర్చుకొన్నది. తెల్లవారి చూస్తే మనుమడు చేసిన అమరికలన్నీ చెరిగిపోయాయి. బొమ్మ మసకబారింది. మైనపు ముఖాలు తిరిగి వచ్చాయి. మొదటి తెర నిండా ప్రకటనలు పరచుకొన్నాయి. ఒక మీట నొక్కితే ఫలితం కోసం నాలుగు క్షణాలు వేచి ఉండవలసి వచ్చింది. సహాయ కేంద్రానికి ఫోను చేస్తే, "కొత్త వెర్షన్ ఇంతేనండి, పాతదానికి వెళ్ళే వీలు లేదు" అని సమాధానం వచ్చింది. పెద్దనాయన ఫోను పెట్టేసి నా వైపు చూసి, "దుడ్డు ఇచ్చి కొన్నది నేను గదా నాయనా, మార్చిందెవురు? నన్నొక్క మాట అడిగినారా?" అన్నాడు. డిగ్రీలు పొందిన నేను ఆ మాటకు వెంటనే బదులు చెప్పలేకపోయాను.

బదులు చెప్పాలంటే టెలివిజన్ బొమ్మ స్వభావం ఎట్లా మారిందో ముందుగా గ్రహించాలి. మన దేశంలో టెలివిజన్ గ్రామాలకు చేరిన తొలి ఘట్టాలలో ఒకటి 1975 ఆగస్టులో ప్రారంభమైన ఉపగ్రహ బోధన ప్రయోగం. ఏడాదిపాటు సాగిన ఆ ప్రయోగంలో ఆంధ్రప్రదేశ్‌తో సహా ఆరు రాష్ట్రాలలోని 2,400 గ్రామాలు పాలుపంచుకొన్నాయి. 1977లో హైదరాబాదులో దూరదర్శన్ కేంద్రం వెలసింది. 1982లో రంగుల ప్రసారాలు వచ్చాయి. ఆనాటి పెట్టెలో బొమ్మ బాగుండడానికి మనిషి చేయగలిగిన పనులు కొన్నే. మిద్దె మీద ఒకరు యాంటెన్నా తిప్పుతుంటే, క్రింద మరొకరు "ఇంకొంచెం, ఇంకొంచెం, అక్కడే ఉండనీ" అని కేకలు వేసేవారు. వెలుతురు, రంగు, ధ్వని సరిచేసుకొనే మరలు పెట్టె ముందే ఉండేవి. ఒకసారి త్రిప్పి ఉంచిన మర, మరల మనిషి చేయి తగిలేదాకా కదిలేది కాదు. పెట్టె చెడిపోతే రిపేరు చేసేవాడు వచ్చి మూత విప్పి, చెడిన భాగం చూపించి, కొత్తది అతికి వెళ్ళేవాడు. చూసేవాడికి, వస్తువుకు, బాగుచేసేవాడికి నడుమ దాపరికం లేదు.

నేటి టెలివిజన్ అట్టిది కాదు. అది తెర తగిలించిన కంప్యూటరు. దానిలో మనం చూసే బొమ్మలో ఎంత భాగం ప్రసారం నుండి వచ్చినది, ఎంత భాగం ఆ యంత్రం కల్పించినది అన్న విషయం చాలామందికి తెలియదు. ఒక చిన్న లెక్క వేద్దాం. సాధారణ ప్రసారంలో ఒక్కొక్క బొమ్మ 720 నిలువు వరుసలు, 576 అడ్డు వరుసల చుక్కలతో ఏర్పడుతుంది. అనగా మొత్తం 4,14,720 చుక్కలు. ఫోర్‌కే అని పిలిచే తెర మీద 3,840 నిలువు వరుసలు, 2,160 అడ్డు వరుసలు ఉంటాయి. అనగా 82,94,400 చుక్కలు. రెండవదానిని మొదటిదానితో భాగిస్తే సరిగా 20 వస్తుంది. సాధారణ ప్రసారపు చానెల్‌ను ఫోర్‌కే తెర నిండా చూపాలంటే, వచ్చిన ప్రతి చుక్కకు ఇరవై చుక్కలు చూపవలసి ఉంటుంది. స్థూలంగా చెప్పాలంటే, ఇరవైలో ఒకటి ప్రసారం ఇచ్చినది. తక్కిన పందొమ్మిదీ యంత్రం ఊహించి నింపినవి. ఆ ఊహ చేసేది సాఫ్ట్‌వేర్.

కదలిక విషయమూ ఇంతే. చలనచిత్రాలను సాధారణంగా సెకనుకు 24 బొమ్మల చొప్పున చిత్రీకరిస్తారు. దానిని సెకనుకు 60 సార్లు మారే తెర మీద మరింత నునుపుగా చూపాలని యంత్రం ప్రయత్నిస్తుంది. రెండు బొమ్మల నడుమ లేని బొమ్మలను తానే తయారుచేసి చేరుస్తుంది. ఆటల పోటీలకు ఇది మేలు చేయవచ్చు. సినిమాకు మాత్రం దాని సహజ శోభ పోయి, కృత్రిమత్వం వస్తుంది. దర్శకుడు, ఛాయాగ్రాహకుడు ఎంతో శ్రమించి తీర్చిన దృశ్యం ప్రేక్షకుని ఇంటికి చేరేసరికి వేరొకటిగా మారుతున్నది. 2018 డిసెంబరులో హాలీవుడ్ నటుడు టామ్ క్రూజ్, దర్శకుడు క్రిస్టొఫర్ మెక్వారీ కలిసి, ఈ సదుపాయాన్ని ఆపివేసి సినిమాలు చూడవలసిందిగా ప్రేక్షకులను ఒక వీడియో ద్వారా కోరారు. 2019లో టెలివిజన్ తయారీదారులు, చిత్ర నిర్మాణ సంస్థలు సభ్యులుగా ఉన్న యూహెచ్‌డీ అలయన్స్ 'ఫిల్మ్‌మేకర్ మోడ్' అనే అమరికను ప్రకటించింది. దానిని ఎంచుకొంటే యంత్రపు అదనపు మెరుగులు ఆగిపోయి, దర్శకుడు ఉద్దేశించిన తీరుకు బొమ్మ దగ్గరగా ఉంటుంది. మా పెద్దనాయనకు ఈ పేర్లేవీ తెలియవు. అయినా ఆయన కన్ను పట్టుకొన్న లోపమూ, వారు ఎత్తిచూపిన లోపమూ ఒక్కటే.

ఇప్పుడు మొదటి ప్రశ్నకు వద్దాం. బొమ్మను తీర్చేది సాఫ్ట్‌వేర్ అయినప్పుడు, సాఫ్ట్‌వేర్‌ను మార్చడమంటే బొమ్మనే మార్చడం. గాజు, లోహం, తీగలు కదలకుండా గోడకే ఉంటాయి. కాని ఆ వస్తువు మాత్రం మరొక వస్తువు అవుతుంది. కొనేనాడు అంగడిలో మనం పరీక్షించి చూసినది ఒకటి, మూడేండ్ల తరువాత ఇంటిలో ఉన్నది మరొకటి. బియ్యం కొని ఇంట్లో పోసుకొన్న తరువాత, అమ్మినవాడు రాత్రివేళ వచ్చి బస్తాలోని గింజ మార్చి వెళితే మనం సహిస్తామా? అతడు మంచి గింజే పోశానని వాదించినా, మన గడప దాటి లోపలికి రావడానికి అనుమతి ఎవరిచ్చారని నిలదీస్తాం. వస్తువు మారినంత మాత్రాన న్యాయం మారదు.

అయితే ఎదుటి పక్షపు వాదాన్ని కూడా న్యాయంగా వినాలి. సాఫ్ట్‌వేర్ నవీకరణ, అనగా మనం నిత్యం అప్‌డేట్ అని పిలుచుకొనేది, స్వతహాగా చెడ్డది కాదు. ఇంటర్నెట్‌తో ముడిపడిన ప్రతి యంత్రంలోను కాలక్రమంలో భద్రతా లోపాలు బయటపడుతూ ఉంటాయి. వాటిని పూడ్చకపోతే దుండగులు ఆ సందులగుండా ఇంటి నెట్‌వర్క్‌లోకి ప్రవేశించగలరు. కొత్త ప్రసార పద్ధతులు వచ్చినప్పుడు పాత యంత్రం వాటిని గ్రహించడానికీ నవీకరణ కావాలి. తయారీలో దొర్లిన పొరపాటును లక్ష ఇండ్లకు మనిషిని పంపకుండా ఒక్క రాత్రిలో దిద్దగలగడం గొప్ప సౌలభ్యమే. కొన్ని సందర్భాలలో నవీకరణ తరువాత బొమ్మ మెరుగుపడటం కూడా కద్దు. ప్రకటనల ఆదాయం ఉండటం వల్లనే టెలివిజన్లు ఇంత చౌకగా దొరుకుతున్నాయని తయారీదారులు అంటారు. అందులోనూ కొంత నిజం ఉన్నది. పదిమందికీ నచ్చజెప్పి, అడిగి, ఒప్పించి నవీకరణ చేయబోతే సగంమంది నిరాకరిస్తారని, దానివల్ల భద్రత దెబ్బతింటుందని వారి భయం.

ఈ వాదంలోని సత్యాన్ని అంగీకరిస్తూనే, దానిలోని తికమకను విడదీయాలి. భద్రతా లోపాన్ని పూడ్చడం ఒక పని. బొమ్మ తీరును మార్చడం, ప్రకటనలు చేర్చడం, చూసేవాడిని గమనించే పరికరాన్ని లోపల ఉంచడం వేరే పనులు. ఈ రెండింటినీ ఒకే మూటలో కట్టి, "కావాలంటే అంతా తీసుకో, లేకుంటే ఏమీ లేదు" అనడం న్యాయం కాదు. మందు పేరు చెప్పి, దానితోపాటు మరేదో మింగించడం వైద్యం అనిపించుకోదు. భద్రతకు సంబంధించిన దిద్దుబాట్లను వేరుగా పంపవచ్చు. వాటిని నిరాకరించేవారు అరుదుగానే ఉంటారు. తక్కినవాటికి గృహస్థుని అనుమతి అడగడంలో సాంకేతికమైన అసాధ్యత ఏమీ లేదు, ఉన్నది ఇష్టంలేకపోవడమే.

ఈ అనుమానం ఊహాజనితం కాదని చాటే ఉదాహరణ ఒకటి అమెరికాలో జరిగింది. విజియో అనే టెలివిజన్ సంస్థ తమ యంత్రాలలో, తెర మీద ఏ క్షణాన ఏ బొమ్మ ఉన్నదో గుర్తించి ఆ సమాచారాన్ని తిరిగి పంపే సాఫ్ట్‌వేర్‌ను అమర్చిందని అక్కడి ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఆరోపించింది. 1 కోటి 10 లక్షల టెలివిజన్లకు సంబంధించిన వ్యవహారమది. అంతకు ముందే అమ్ముడుపోయి ఇండ్లలో ఉన్న పాత టెలివిజన్లలోకి కూడా ఆ సాఫ్ట్‌వేర్‌ను దూరం నుండే చేర్చారన్నది ఆరోపణలలో ముఖ్యమైనది. 2017 ఫిబ్రవరిలో ఆ సంస్థ 22 లక్షల డాలర్లు చెల్లించి వివాదాన్ని పరిష్కరించుకొన్నది. మనం టెలివిజన్‌ను చూస్తున్నామనుకొంటాం. టెలివిజన్ మనలను చూస్తున్నదని తెలిసినప్పుడు కలిగే ఇబ్బంది మాటలలో చెప్పలేనిది. మన దేశంలో 2023లో వ్యక్తిగత డిజిటల్ సమాచార రక్షణ చట్టాన్ని పార్లమెంటు ఆమోదించింది. సమ్మతి అనే మాటకు అది పెద్దపీట వేసింది. ఆ మాట టెలివిజన్ దాకా రావడం అవసరం.

మన దేశంలోనే స్మార్ట్ టెలివిజన్ సాఫ్ట్‌వేర్ గురించి జరిగిన విచారణ మరొకటి ఉన్నది. ఆండ్రాయిడ్ టెలివిజన్ల విషయంలో గూగుల్ సంస్థ విధించిన ఒప్పందాలు పోటీని అణచివేస్తున్నాయన్న ఫిర్యాదును భారత పోటీ కమిషన్ పరిశీలించింది. 2025 ఏప్రిల్‌లో గూగుల్ ఇచ్చిన పరిష్కార ప్రతిపాదనను కమిషన్ అంగీకరించింది. ఆ సంస్థ 20.24 కోట్ల రూపాయలు చెల్లించవలసి వచ్చింది. తన అనువర్తనాల మూటనంతటినీ తీసుకోనవసరం లేకుండా, ప్లే స్టోర్, ప్లే సేవలను వేరుగా లైసెన్సు ఇవ్వడానికి ఒప్పుకొన్నది. మూటగట్టి అంటగట్టడం తప్పనిసరి కాదని, విడదీయడం సాధ్యమేనని ఈ ఉదంతం తెలియజేస్తున్నది. తయారీదారుకు లభించిన ఆ స్వేచ్ఛ, తరువాతి మెట్టుగా, ఇంట్లో కూర్చొని చూసే మనిషికి కూడా లభించాలని కోరడం అత్యాశ కాదు.

ఇతర దేశాలు ఈ దారిలో కొన్ని అడుగులు వేశాయి. ఐరోపా సమాఖ్య 2019లో చేసిన ఒక నిబంధన 2021 మార్చి నుండి అమలులోకి వచ్చింది. దాని ప్రకారం, ఒక నమూనాకు చెందిన చివరి టెలివిజన్ విపణిలోకి వచ్చిన తరువాత కనీసం ఎనిమిదేండ్లపాటు దాని సాఫ్ట్‌వేర్ నవీకరణలు అందుబాటులో ఉండాలి. భద్రతకు సంబంధించినవి ఉచితంగా ఇవ్వాలి. నవీకరణ తరువాత విద్యుత్ వినియోగం వంటి ప్రకటిత గుణాలు, వినియోగదారుడు ముందుగా స్పష్టంగా సమ్మతిస్తే తప్ప, దిగజారరాదు. నవీకరణను నిరాకరించినందుకు యంత్రం పనితీరు మారిపోరాదు. బ్రిటన్‌లో 2024 ఏప్రిల్ నుండి, ఇంటర్నెట్‌తో ముడిపడిన గృహోపకరణాలకు భద్రతా నవీకరణలు కనీసం ఎంతకాలం ఇస్తారో తయారీదారులు ప్రకటించవలసి ఉన్నది. వీటిలో గొంతెమ్మ కోరిక ఏదీ లేదు. అమ్మేవాడు ఇచ్చిన మాట నిలుపుకోవాలన్న పాత నీతినే ఇవి కొత్త భాషలో చెబుతున్నాయి.

మన దేశంలో వినియోగదారుల రక్షణ చట్టం 1986 స్థానంలో 2019 చట్టం వచ్చి, 2020 జూలై నుండి అమలవుతున్నది. అనుచిత ఒప్పందం అనే భావనను ఈ చట్టం చేర్చింది. టెలివిజన్ మొదటిసారి వెలిగించినప్పుడు తెర మీద పేజీలకు పేజీలుగా సాగే షరతులను చదివి అంగీకరించేవారు ఎందరు? చదివినా, తెలుగు తప్ప మరొక భాష రాని రైతుకు అవి అర్థమవుతాయా? అర్థమైనా, అంగీకరించకపోతే కొన్న వస్తువు పనిచేయని పరిస్థితిలో ఆ అంగీకారానికి విలువేమిటి? ఇట్టి ఏకపక్ష షరతులు ఈ చట్టపు వెలుగులో పరిశీలింపదగినవి. 2022లో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 'మరమ్మతు హక్కు'పై ఒక సంఘాన్ని నియమించింది. వ్యవసాయ పరికరాలు, సెల్‌ఫోన్లు, వాహనాలతోపాటు గృహోపకరణాలను కూడా దాని పరిధిలో చేర్చారు. మరమ్మతు అంటే విరిగినదానిని అతకడమే కాదు, బాగున్నదానిని బాగున్నట్లే ఉంచుకొనే హక్కు కూడా అందులో భాగం కావాలి.

ఈ విషయంలో ప్రజల సొమ్ముతోపాటు ప్రకృతి కూడా ముడిపడి ఉన్నది. తెర చక్కగా వెలుగుతూనే ఉంటుంది. కాని లోపలి సాఫ్ట్‌వేర్ పాతబడి, ఒక్కొక్క అనువర్తనం పనిచేయడం మానుతుంది. నవీకరణల భారం మోయలేక యంత్రం మందగిస్తుంది. విసిగిన గృహస్థు దానిని మూలకు నెట్టి కొత్తది కొంటాడు. 2023 ఏప్రిల్ నుండి అమలులోకి వచ్చిన ఎలక్ట్రానిక్ వ్యర్థాల నిబంధనలు టెలివిజన్ల రీసైక్లింగ్ బాధ్యతను తయారీదారులపై ఉంచాయి. మంచిదే. కాని వ్యర్థాన్ని రీసైకిల్ చేయడం కంటె, వస్తువును వ్యర్థం కానీయకపోవడం ఉత్తమం. బొగ్గు కాల్చి విద్యుత్తు పుట్టించే కేంద్రం దాపున నివసించేవారికి ఈ సంగతి వేరుగా చెప్పనక్కరలేదు. ప్రతి యంత్రం వెనుకా తవ్విన నేల, కాలిన ఇంధనం, మిగిలిన బూడిద ఉంటాయి.

పల్లెలకు ఈ సమస్య పట్టణాల కంటె తీవ్రమైనది. 2017 డిసెంబరులో రాష్ట్రపతి చేతుల మీదుగా జాతికి అంకితమైన ఆంధ్రప్రదేశ్ ఫైబర్‌నెట్, మొదట్లో నెలకు 149 రూపాయలకే ఇంటర్నెట్, టెలివిజన్, టెలిఫోన్ మూడింటినీ కలిపి అందించడానికి పూనుకొన్నది. ఇట్టి ప్రయత్నాల వల్ల ఇంటర్నెట్ తీగ పల్లె గడప తొక్కింది. తీగ వచ్చింది గాని, ఆ తీగ వెంట వచ్చే మార్పులను అర్థం చేసుకొనే జ్ఞానం అంత వేగంగా రాలేదు. పట్టణంలో యంత్రం మొండికేస్తే చూసేవారు నలుగురు దొరుకుతారు. పల్లెలో ముసలివారికి చదువుకొన్న మనుమడో, మనుమరాలో సెలవులకు రావాలి. అందాకా మసక తెరే గతి. కంటిచూపు తగ్గిన వృద్ధులకు, ఇల్లు కదలలేని రోగులకు ఆ తెర విలాస వస్తువు కాదు. లోకంతో మిగిలి ఉన్న చుట్టరికం.

కనుక నా అభిప్రాయాన్ని స్పష్టంగా చెబుతాను. టెలివిజన్ పెట్టె మీద విద్యుత్ పొదుపును తెలిపే నక్షత్రాల పట్టీని అంటిస్తున్నారు. దాని ప్రక్కనే, ఈ యంత్రానికి ఎన్నేండ్లపాటు నవీకరణలు లభిస్తాయో అంకెలలో ముద్రించాలి. భద్రతా నవీకరణలను తక్కినవాటి నుండి వేరుచేయాలి. బొమ్మ తీరును, మొదటి తెరను, ప్రకటనలను మార్చే ప్రతి నవీకరణకు ముందు, చూసేవాని భాషలో అనుమతి అడగాలి. నచ్చకపోతే వెనుకటి స్థితికి మరలే దారి ఉంచాలి. గృహస్థుడు కుదుర్చుకొన్న అమరికలను చెరపరాదు. ఇంటర్నెట్ లేకపోయినా, షరతులకు ఒప్పుకోకపోయినా, టెలివిజన్ తన ప్రాథమిక ధర్మమైన ప్రసారాలను చూపడం మానరాదు. వీటిలో ఏ ఒక్కటీ సాంకేతిక ప్రగతికి అడ్డుపడదు. ప్రగతికి మర్యాద నేర్పుతుంది, అంతే.

చట్టాలు వచ్చేదాకా చేతులు ముడుచుకొని కూర్చోనక్కరలేదు. విద్యార్థులు చేయదగిన పనులు కొన్ని ఉన్నాయి. ఇంట్లో ఈ యంత్రాల గుట్టు ఎక్కువగా తెలిసినది వారికే. అంగడిలో మిరుమిట్లు గొలిపే అమరిక ఇంటి వెలుతురుకు సరిపడదని పెద్దలకు చెప్పాలి. సినిమాలకు సినిమా అమరికను ఎంచి, కదలికను నునుపుచేసే సదుపాయాన్ని ఆపిచూపాలి. తెరను నిందించే ముందు, వస్తున్న ప్రసారమే సాధారణ స్థాయిదేమో పరిశీలించాలి. ఎందుకంటే ఎంత ఖరీదైన తెరైనా లేని వివరాన్ని కల్పించగలదే గాని, తిరిగి తేలేదు. కుదిరిన అమరికలను ఒక కాగితం మీద వ్రాసి ఉంచాలి. కొన్ననాటి రసీదును భద్రపరచాలి. అన్యాయం జరిగితే 1915 నంబరుకు ఫోను చేసి జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రానికి తెలియజేయాలి. ఒక్కరి ఫిర్యాదు చినుకే కావచ్చు. చినుకులు చేరితేనే పెన్నకు నీరు.

మార్పే వద్దని నేను అనడం లేదు. కలమల్ల శాసనంలోని లిపిని నేడు మనలో ఎక్కువమంది చదవలేరు. అందులో చిఱుంబూరు అనే ఊరి పేరున్నది. ఆ పేరులోని బండి ఱ నేటి మన వ్రాతలో దాదాపు కనుమరుగైంది. ధనంజయుని కాలం నుండి నేటిదాకా తెలుగు ఎంతో మారింది. కాని ఆ మార్పును ఎవరో దూరాన కూర్చొని ఒక్క రాత్రిలో మన నాలుకల మీద అమర్చలేదు. మాట్లాడినవారే మార్చారు. తరతరాలుగా, తమకు అనువైనదానిని ఉంచుకొని, కానిదానిని వదులుకొంటూ మార్చారు. వాడుకొనేవారి సమ్మతితో జరిగిన మార్పు అది. అందుకే మారినా అది మన భాషగానే మిగిలింది. వస్తువుల విషయంలోనూ మనం కోరవలసినది ఇంతే.

మొన్న సెలవులకు మనుమడు ఊరికి వచ్చి, మరల ఒక గంటసేపు కూర్చొని, పెద్దనాయన టెలివిజన్‌ను వీలైనంతవరకు సరిచేశాడు. పోయిన అనువర్తనం తిరిగి రాలేదు; ప్రకటనలు పోలేదు; బొమ్మ మాత్రం కంటికి ఇంపుగా కుదిరింది. ఈసారి అమరికలన్నింటినీ ఒక కాగితం మీద తెలుగులో, పెద్ద అక్షరాలతో వ్రాసి, తెర వెనుక గోడకు అంటించాడు. పెద్దనాయన ఆ కాగితాన్ని దగ్గరగా చదువుకొని, "ఇది మాత్రం ఎవురూ మార్చకుండా చూడబ్బీ" అన్నాడు. ఆ మాటను ఆ కుర్రవాడు నిలుపుకొంటాడని నా నమ్మకం. యంత్రాలను తయారుచేసేవారు, చట్టాలు చేసేవారు కూడా అంతటి మాట ఇచ్చి నిలుపుకొన్ననాడు, కొన్న వస్తువు కొన్నవానిదే అవుతుంది.